మచ్చకే మందు, రంగుకు కాదు

ఏటా రెండుసార్లు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నడినెత్తి మీదికి వస్తాడు. మొదటిసారి మే రెండో వారంలో. ఆ ఎండకు అందరూ జంకుతారు, పనులు పొద్దున్నే ముగించుకుంటారు. రెండోసారి జూలై చివర, ఆగస్టు మొదట. అది నాట్ల కాలం. మబ్బు పట్టి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ ఉందన్న సంగతే ఎవరికీ తోచదు. పల్చటి మబ్బుల్లోంచి అతినీలలోహిత కిరణాలు 80 శాతం వరకు కిందికి దిగుతూనే ఉంటాయి. పొద్దంతా పొలంలో ఉండేవాళ్ల చర్మం మీద వాటి పని అవి చేసుకుపోతాయి.

నాట్ల తర్వాత కలుపు, దసరా దాటితే పత్తి ఏరడం, సంక్రాంతి నుంచి మిర్చి ఏరడం, ఆపైన కల్లాల్లో ఆరబోయడం. మహబూబాబాద్ తోటల మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు చేరేదాకా దాని వెంట ఎండలో ఉండేది ఎక్కువగా కైకిలికి వచ్చే ఆడవాళ్లే. ముప్పై దాటాక రెండు చెంపల మీద, నుదుటి మీద, పైపెదవి మీద గోధుమరంగు మచ్చలు పరుచుకోవడం ఇక్కడ ఏ ఊళ్లోనైనా కనిపించేదే. వాటిని మంగు అంటాం. మగవాళ్లకూ వస్తుంది. తాటిచెట్లెక్కే గీత కార్మికులకు, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు గనుల్లో పనిచేసేవాళ్లకు ఎండ తక్కువేమీ కాదు.

మంగు నొప్పి పెట్టదు, ప్రాణం మీదికి తేదు. అయినా ముఖం మీద దాన్ని మోసే మనిషికి అది చిన్న విషయం కాదు. పెళ్లికి, పేరంటానికి వెళ్లాలంటే వెనకాడేలా చేస్తుంది. మచ్చ తగ్గాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. ఏ పదార్థంతో తగ్గించుకోవాలో తెలియక చేతికందిన ట్యూబు పూసుకోవడంలోనే ప్రమాదం ఉంది. చామనఛాయ చర్మానికి ఒక స్వభావం ఉంది. దాన్ని మంట పెట్టేది, ఒరిపిడి పెట్టేది ఏదైనా చివరికి అక్కడ నలుపునే మిగులుస్తుంది. అందువల్ల బలమైన మందు కన్నా సౌమ్యమైన మందు, తొందరగా తెల్లబరిచేదాని కన్నా నెలల తరబడి నిలకడగా వాడగలిగేది మనకు మేలు.

రంగు తయారయ్యే తీరు

చర్మపు పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. తెల్లటి చర్మంలోనైనా నల్లటి చర్మంలోనైనా వీటి సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా అవి తయారుచేసే మెలనిన్‌లో ఉంది. మన చర్మంలో మెలనిన్ నిండిన పొట్లాలు పెద్దవి, ఎక్కువ, త్వరగా విరిగిపోనివి. ఒక్కో మెలనోసైటు తన చుట్టూ ఉన్న సుమారు 36 చర్మకణాలకు ఈ పొట్లాలను అందిస్తుంది. అందుకున్న కణం వాటిని తన కేంద్రకం మీద, పొలానికి పోయే రైతు తలకు రుమాలు చుట్టుకున్నట్టు, పేర్చుకుంటుంది. లోపలి డీఎన్‌ఏ ఎండకు చెడకుండా కాపాడేది అదే. తెల్లజాతి వాళ్లతో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్లు చాలా తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఈ మెలనినే.

ఈ పని నాలుగు దశల్లో సాగుతుంది. ముందు మెలనోసైటుకు పురమాయింపు అందుతుంది. అది ఎండ నుంచి రావచ్చు, గర్భిణిలో పెరిగే హార్మోన్ల నుంచి రావచ్చు, మొటిమ, వాపు, ఒరిపిడి నుంచి కూడా రావచ్చు. రెండో దశలో, రాగి అణువులున్న టైరోసినేజ్ అనే ఎంజైము టైరోసిన్ అనే పదార్థాన్ని మార్చి మెలనిన్ తయారీని మొదలుపెడుతుంది. మూడో దశలో మెలనిన్ పొట్లాలు పక్క కణాలకు చేరతాయి. నాలుగో దశలో ఆ కణాలు నెల, నెలన్నర కాలంలో మెల్లగా పైకి జరిగి రాలిపోతాయి. మచ్చలకు వాడే పదార్థాలన్నీ ఈ నాలుగింటిలో ఏదో ఒకచోట పనిచేసేవే. కణాలు రాలడానికే నెల పైన పడుతుంది కాబట్టి, వారంలో మచ్చ పోగొడతానని చెప్పే క్రీమ్ మరేదో చేస్తోందని అనుమానించాలి.

ముందు మచ్చ ఏదో తేలాలి

ఎండ మచ్చలు అని ఒకే పేరుతో పిలిచేవాటిలో చాలా రకాలున్నాయి. అసలైన ఎండ మచ్చ అంచు స్పష్టంగా ఉన్న గోధుమరంగు బిళ్ల. తెల్లటి చర్మంలో వయసు మీదపడేకొద్దీ ఎక్కువగా వస్తుంది, మనలో తక్కువ. మనలో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి మంగు. రెండు చెంపల మీదా ఇంచుమించు ఒకే తీరుగా పరుచుకుంటుంది. ఎండతో పాటు కాన్పులు, గర్భనిరోధక మాత్రలు, ఇంట్లో పెద్దవాళ్లకు ఉండటం దీనికి కారణాలు. రెండోది మొటిమ, దోమకాటు, కాలిన గాయం, దురద తగ్గాక ఆ చోటనే మిగిలిపోయే నలుపు. మిర్చి ఘాటుకు మండిన చర్మాన్ని చెమట చేతులతో పదేపదే రుద్దినా ఇదే జరుగుతుంది.

కొన్నింటికి మచ్చల క్రీముతో సంబంధమే లేదు. మెడ వెనక, చంకల్లో మందంగా, మఖమల్ లాగా తోచే నలుపు చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. దానికి ముందు షుగరు పరీక్ష, ఆ తర్వాత బరువు తగ్గడం కావాలి. చెంపల మీద చిన్న చిన్న నల్లటి పొక్కుల్లా పైకి లేచినవి పూతలతో కరగవు. బూడిద, నీలం కలిసిన రంగులో ఉన్న మచ్చల్లో మెలనిన్ లోపొరలోకి దిగి ఉంటుంది, పైన పూసేవి అక్కడిదాకా అంతగా పోవు. ఇక స్పర్శ తెలియని మచ్చ ఏదైనా కనిపిస్తే కుష్ఠు పరీక్షకు వెంటనే వెళ్లాలి. ఆకారం మారుతూ పెరిగేది, రక్తం కారేది, మానని పుండుగా మారినది కూడా డాక్టరు చూడాల్సినవే.

వెలుగును ఆపడం మొదటి మందు

మంగుకు కారణం అతినీలలోహిత కిరణాలొక్కటే అని చాలాకాలం అనుకున్నారు. 2010లో అమెరికా డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు కంటికి కనిపించే వెలుగును చర్మం మీద ప్రసరింపజేసి చూశారు. గోధుమ, నలుపు చర్మాలు ముదిరి నల్లబడ్డాయి, చాలా రోజులు అలాగే ఉండిపోయాయి. తెల్లటి చర్మంలో ఆ మార్పు రాలేదు. వెలుగులోని నీలి భాగాన్ని పసిగట్టే ఆప్సిన్-3 అనే ప్రొటీన్ మెలనోసైట్లలోనే ఉందని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపించారు.

మామూలు సన్‌స్క్రీన్లు అతినీలలోహిత కిరణాలను ఆపుతాయి గాని కనిపించే వెలుగును దాదాపుగా ఆపలేవు. దాన్ని అడ్డుకునేది ఐరన్ ఆక్సైడ్. సన్‌స్క్రీన్‌కు గోధుమరంగు ఇచ్చే పదార్థం ఇదే. కాబట్టి మంగు ఉన్నవాళ్లు తెల్లటి సన్‌స్క్రీన్ కన్నా ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఎంచుకోవడం మంచిది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ పూతలతో ముఖం సున్నం పూసినట్టు పాలిపోయి కనిపించే ఇబ్బందీ తప్పుతుంది. ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత పూయాలి. ఎండలో ఉంటే రెండు గంటలకోసారి, చెమటకు కారిపోతే అంతకన్నా ముందే మళ్లీ పూయాలి.

రక్షణ ఎంత ముఖ్యమో మొరాకోలో జరిగిన పరిశీలన చెబుతుంది. 2007లో వెలువడిన ఆ అధ్యయనంలో గర్భిణులు ఏడాది పాటు మంచి సన్‌స్క్రీన్ వాడారు. వాళ్లలో కొత్తగా మంగు వచ్చినవారు 2.7 శాతమే. అదే ప్రాంతంలో రక్షణ లేని గర్భిణుల్లో సగం మందికి పైగా మంగు వస్తుందన్నది అంతకుముందు తేలిన లెక్క.

అయితే ఖర్చు మాట దాచకూడదు. సరైన మోతాదులో రోజుకు రెండుసార్లు పూస్తే 50 గ్రాముల ట్యూబు ఒక నెల కూడా రాదు. కైకిలి డబ్బుతో ఇల్లు గడిపే మనిషికి అది భారం. అలాంటివాళ్లు ముందు బట్టను నమ్ముకోవాలి. పత్తి చేలలో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కోవడం శాస్త్రం మెచ్చే పద్ధతి. అదే రక్షణ ముఖానికీ కావాలి. వెలుగుకు పట్టి చూస్తే అవతలి పక్క కనిపించని దట్టమైన, ముదురు రంగు నూలు బట్టను నుదురు, చెంపలు మూసేలా కట్టుకుంటే కనిపించే వెలుగును కూడా చాలావరకు ఆపుతుంది. తెల్లటి పలుచని బట్ట, అందులోనూ తడిసినది, అంతగా ఆపదు.

ఏ పదార్థం ఎక్కడ పనిచేస్తుంది

మన చర్మానికి నేను ముందు చెప్పే పేరు అజిలాయిక్ ఆమ్లం. దీని పుట్టుక మనందరికీ తెలిసిన శోభితో ముడిపడి ఉంది. చెమట పట్టే ఛాతీ, మెడ, వీపు మీద తెల్లటి మచ్చలు తెచ్చే శోభికి కారణం ఒక ఈస్టు. అది ఉన్నచోట చర్మం ఎందుకు రంగు తగ్గుతుందని ఆరా తీసిన ఇటలీ శాస్త్రవేత్తలు నజారో-పోర్రో, పస్సి 1970ల చివర్లో ఈ ఆమ్లాన్ని గుర్తించారు. ఇది టైరోసినేజ్‌ను నెమ్మదింపజేస్తుంది. మరీ చురుకైపోయిన మెలనోసైట్ల మీదే ఎక్కువగా పనిచేస్తుంది, మామూలు చర్మం రంగును అంతగా తాకదు. మొటిమలనూ తగ్గిస్తుంది కాబట్టి మొటిమల వల్ల వచ్చిన నలుపుకు రెండు విధాలా మేలు. 329 మంది మంగు ఉన్న స్త్రీల మీద 24 వారాలు జరిగిన పరీక్షలో 20 శాతం అజిలాయిక్ క్రీమ్ 65 శాతం మందిలో మంచి ఫలితమిచ్చింది. మచ్చలకు డాక్టర్లు రాసే 4 శాతం హైడ్రోక్వినోన్‌తో పోల్చితే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గర్భిణులకూ డాక్టర్లు దీన్ని సూచిస్తారు. మొదటి వారాల్లో కొంచెం చురచురమంటుంది, అందుకని 10 శాతంతో మొదలుపెట్టడం మంచిది.

రెండో పేరు నియాసినమైడ్, అంటే విటమిన్ బి3 రూపం. ఇది మెలనిన్ తయారీని ఆపదు, తయారైన పొట్లాలు పక్క కణాలకు చేరడాన్ని తగ్గిస్తుంది. చర్మపు పైపొరను గట్టిపరుస్తుంది, మంటను తగ్గిస్తుంది. మెక్సికోలో 27 మంది మంగు ఉన్న స్త్రీలకు ముఖంలో ఒక సగానికి 4 శాతం నియాసినమైడ్, మరో సగానికి 4 శాతం హైడ్రోక్వినోన్ ఎనిమిది వారాలు పూశారు. మంచి ఫలితం వచ్చినవాళ్లు నియాసినమైడ్ వైపు 44 శాతం, హైడ్రోక్వినోన్ వైపు 55 శాతం. దుష్ప్రభావాలు మాత్రం 18 శాతం, 29 శాతం. మన చర్మానికి ఈ రెండో లెక్క కూడా అంతే విలువైనది. 4 లేదా 5 శాతం చాలు, పెద్ద అంకె ఉన్న సీసా కోసం వెతకనక్కరలేదు.

విటమిన్ సి టైరోసినేజ్‌ను తగ్గిస్తుంది, వెలుగు వల్ల జరిగే నష్టాన్నీ కొంత అడ్డుకుంటుంది. అసలు రూపంలో ఉన్నదానికి ఆమ్లగుణం ఎక్కువ, అది గాలికి, వేడికి త్వరగా చెడుతుంది. మన వేసవిలో సీసా గోధుమరంగుకు తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. కోజిక్ ఆమ్లం జపాన్‌లో బియ్యం పులియబెట్టే బూజు నుంచి 1907లో దొరికింది. టైరోసినేజ్‌లోని రాగిని పట్టేస్తుంది. పనిచేస్తుంది గాని కొందరికి అలర్జీ తెస్తుంది, అందుకే మొదటి ఎంపికగా చెప్పలేం.

ట్రానెక్సామిక్ ఆమ్లం రక్తస్రావాన్ని ఆపడానికి జపాన్‌లో ఉతాకో ఒకమోతో దంపతులు 1962లో ప్రపంచానికి అందించిన మందు. మంగు తగ్గించే గుణం దానికి ఉందని 1979లో జపాన్‌లోనే గమనించారు. పూతగా వాడొచ్చు. మాత్రల రూపంలో ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవాళ్లకు, గర్భిణులకు తగదు. డాక్టరు అన్నీ అడిగి తెలుసుకున్నాకే మాత్ర వేసుకోవాలి. రెటినాయిడ్లు కణాలు త్వరగా రాలేలా చేస్తాయి. రాత్రిపూట, తక్కువ మోతాదుతో, డాక్టరు సలహాతో వాడాలి. గర్భిణులు వీటిని ముట్టకూడదు. మన చర్మం మీద తొందరపడి ఎక్కువ పూస్తే మంట, ఆ మంట వెనక కొత్త మచ్చ వస్తాయి.

హైడ్రోక్వినోన్ అన్నిటికన్నా బాగా పరీక్షకు నిలిచిన మందు. డాక్టరు చూస్తుండగా కొన్ని నెలలు వాడి ఆపితే మేలే చేస్తుంది. ఏళ్ల తరబడి సొంతంగా పూసుకుంటే చర్మం నీలి నలుపుగా మారిపోయే స్థితి వస్తుంది, దాన్ని పోగొట్టడం చాలా కష్టం. దక్షిణాఫ్రికాలో 1975లో ఈ సంగతి బయటపడింది. యూరప్ 2001లో సౌందర్య సాధనాల నుంచి దీన్ని తొలగించింది. అమెరికాలో 2020 నుంచి డాక్టరు చీటీ తప్పనిసరి.

ముఖానికి దూరంగా ఉంచాల్సినవి

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం స్టెరాయిడ్ ట్యూబులు. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఫ్లుయోసినోలోన్. ట్యూబు మీద ఈ పేర్లలో ఏది ఉన్నా, మరో మందుతో కలిసి ఉన్నా, డాక్టరు రాయకుండా ముఖానికి పూయకూడదు. మొదటి వారాల్లో ముఖం తెల్లబడి నునుపు తేలుతుంది. ఆ సంతోషంలో ఆపబుద్ధి కాదు. నెలలు గడిచేసరికి చర్మం పలుచబడి రక్తనాళాలు కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది, మచ్చ మునుపటి కన్నా ముదురుతుంది. 2011లో ప్రచురితమైన భారతీయ చర్మవైద్యుల అధ్యయనంలో ముఖ సమస్యలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నవారే. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందుల్లోకి చేర్చింది. ఇందులో తప్పు పూసుకున్న మనిషిది కాదు. తెల్లదనమే అందమని నమ్మించినవాళ్లది, తెలిసి కూడా చీటీ అడగకుండా అమ్మినవాళ్లది.

రెండోది పాదరసం. అది కూడా టైరోసినేజ్‌ను అడ్డుకుంటుంది, కానీ చర్మం గుండా ఒంట్లోకి చేరి మూత్రపిండాలను చెరుపుతుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని డాక్టర్లు పరిశీలించారు. వాళ్లలో 15 మందికి అరుదైన ఒకే రకం లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లు. మన దేశ నిబంధనల ప్రకారం ముఖానికి వాడే సాధనాల్లో పాదరసం కలపకూడదు. తయారుచేసిన సంస్థ పేరు, లైసెన్సు సంఖ్య, పదార్థాల జాబితా లేని డబ్బీని ఎవరిచ్చినా తీసుకోవద్దు.

మూడోది వంటింట్లోని నిమ్మకాయ. నిమ్మరసం ఆమ్లం, చర్మాన్ని మండిస్తుంది. నిమ్మ తొక్కలో ఉండే సోరలెన్ జాతి రసాయనాలు ఎండ తగిలితే చర్మాన్ని కాల్చి నెలలపాటు నల్లబరుస్తాయి. బొల్లి మచ్చలకు తిరిగి రంగు తెప్పించడానికి బావంచాలు వాడేది వాటిలోని సోరలెన్ల కోసమే. నలుపు తెచ్చే గుణమున్నదాన్ని నలుపు పోవడానికి రుద్దడం అంటే మచ్చను మనమే పెంచుకోవడం. సున్నిపిండితో, నైలాను పీచుతో గట్టిగా తోమడం కూడా అంతే.

వాడే పద్ధతి

ఒకేసారి నాలుగు సీసాలు మొదలుపెట్టొద్దు. మేలు దేనివల్లో, మంట దేనివల్లో తెలియకుండా పోతుంది. ముందు చెవి వెనకో మోచేయి లోపలో కొంచెం పూసి మూడు నాలుగు రోజులు చూడాలి. దురద, ఎరుపు లేకపోతే ముఖానికి మొదలుపెట్టాలి. పొద్దున బట్ట లేదా రంగు సన్‌స్క్రీన్, రాత్రి అజిలాయిక్ లేదా నియాసినమైడ్ క్రీమ్, దానిమీద మామూలు తేమ క్రీమ్. ఇంతే చాలు. మండితే రోజు విడిచి రోజుకు తగ్గించాలి. మంటను ఓర్చుకుంటేనే మందు పనిచేస్తుందన్న మాట మన చర్మం విషయంలో పూర్తిగా తప్పు.

మార్పు తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెలకోసారి ఒకే చోట, ఒకే వేళ, ఒకే వెలుగులో ఫోన్‌తో ఫొటో తీసి పోల్చుకోవాలి. రోజూ అద్దంలో చూసుకుంటే మెల్లగా వచ్చే మార్పు కంటికి ఆనదు, నిరాశపడి మధ్యలో మానేస్తారు. మంగు తగ్గాక కూడా వేసవిలో తిరిగి రావచ్చు. అది మందు ఓటమి కాదు, ఈ మచ్చ స్వభావమే అది. మచ్చ తగ్గిన తర్వాత మందు తగ్గించవచ్చు గాని వెలుగు నుంచి రక్షణ మాత్రం ఏడాది పొడుగునా ఉండాలి.

మూడు నెలలకూ మార్పు లేకపోతే, లేదా ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతుంటే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపితే ముఖం భగ్గుమంటుంది, ఎలా ఆపాలో వాళ్లు చెబుతారు. ఒకప్పుడు ఇందుకోసం వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా పోవాల్సివచ్చేది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఎప్పుడు చూస్తారో కనుక్కుని వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ప్రతి ట్యూబునూ, ఖాళీదైనా సరే, వెంట తీసుకెళ్లండి. డాక్టరుకు అవసరమైన సగం సమాచారం వాటి మీదే ఉంటుంది.

అక్కడ అడగాల్సిన మాట కూడా సరిగ్గా ఉండాలి. 'తెల్లగా అయ్యే క్రీమ్ ఇవ్వండి' అని అడిగినవాళ్లకే ఇన్నాళ్లూ స్టెరాయిడ్లు, పాదరసం అంటగట్టారు. 'ఈ మచ్చ ఏమిటి, చుట్టూ ఉన్న నా రంగులో ఇది కలిసిపోవడానికి ఏం వాడాలి' అని అడగండి. ఆ రంగు మన పొలాల ఎండకు తరతరాలుగా నిలిచి మన డీఎన్‌ఏను కాపాడిన రంగు. మంచి మందు మచ్చను ఆ రంగులోకి తీసుకొస్తుంది. రంగునే తుడిచేస్తానని వచ్చే దేన్నీ, ఎంత చవకగా ఇచ్చినా, ముఖం దాకా రానివ్వకండి.